ఇంటి పట్టున: కుళ్లేది వేరు, మాగేది వేరు

ఈ నెల చెత్త గురించి రాస్తున్నాను. పేరు చూసి పేజీ తిప్పేయకండమ్మా. గ్యాసు పొదుపు గురించి, పిల్లల ఫీజుల గురించి రాసినప్పుడు ఎట్లా చదివారో ఇదీ అట్లాగే చదవండి. రోజూ పొద్దున మనం గడప దాటించే బక్కెట్టు కూడా మన సంసారం లెక్కలోదే. ఆ బక్కెట్టులో ఏముంది, ఎక్కడికి పోతుంది, ఎవరి చేతుల మీదుగా పోతుంది అన్నది మన పత్రికలో ఒకసారైనా మాట్లాడుకోవాల్సిన సంగతి.

మా బళేపేట సంగతి తెలిసినవాళ్లకు చెప్పనక్కర్లేదు. పేరులోనే గాజులున్నాయి. పట్టుచీరల అంగళ్లు, వీణలూ మృదంగాలూ అమ్మే అంగళ్లు, పెళ్లి సామాన్ల అంగళ్లు ముందువైపు. ఆ అంగళ్ల వెనక సందుల్లో వఠారాలు. వఠారం అంటే ఒకే గుమ్మం, ఒకే కొళాయి, వరసగా ఇళ్లు. బిన్నీ మిల్లు, మినర్వా మిల్లు, రాజా మిల్లు నడిచిన కాలంలో షిఫ్టులకు పోయే మన తెలుగువాళ్లు కాటన్‌పేట, బిన్నీపేట, అక్కిపేట, బళేపేట చుట్టుపక్కల ఇట్లాంటి ఇళ్లల్లోనే కాపురాలు పెట్టారు. మిల్లులు పోయాయి. రాజా మిల్లు ఉన్నచోట ఇప్పుడు మాల్ ఉంది. మనం మాత్రం చాలామందిమి ఇంకా ఆ పది అడుగుల గదుల్లోనే ఉన్నాం. అందుకే పేపర్లో “ఇంటి వెనక గుంత తవ్వండి, తోటలో ఒక మూల కేటాయించండి” అని రాస్తే మనకు నవ్వొస్తుంది. ఇంటి వెనక ఇంకొకరి ఇల్లు ఉంటుంది. తోట అంటే డాల్డా డబ్బాలో తులసి, నూనె క్యానులో కరివేపాకు. అయినా పని జరుగుతుంది. ఆ చిన్నచోటులోనే ఎట్లా చేసుకోవాలో ఈ నెల చెప్తాను.

ముందు లెక్క చూద్దాం. నలుగురుండే ఇంట్లో కూరగాయల తొక్కలు, కాఫీ పిప్పి, వాడిన పూలు, మిగిలిన అన్నం కలిపి రోజుకు తక్కువలో తక్కువ అరకిలో తడి చెత్త వస్తుంది. మా వఠారంలో ఎనిమిది ఇళ్లు. రోజుకు నాలుగు కిలోలు. నెలకు 120 కిలోలు. ఏడాదికి దాదాపు టన్నున్నర. ఒక్క వఠారం నుంచి! ఇంటి చెత్తలో సగానికి పైన ఈ తడిదే. దీన్ని ఇంట్లోనే ఆపేస్తే మిగిలే కాగితం, ప్లాస్టిక్, సీసాలు తేలిగ్గా ఉంటాయి, కంపు కొట్టవు, పాత సామాన్లవాడు కూడా తీసుకుంటాడు.

ఆ చేతులు ఎవరివి

మా సందులో చెత్త తీసే ఆమెను పిల్లలందరూ అక్కా అనే పిలుస్తారు. ఆమె మాట మన మాటే, అనంతపురం జిల్లా వైపు యాస. బెంగళూరు పౌరకార్మికుల్లో చాలామంది ఇట్లాగే తెలుగు మాట్లాడే దళిత కుటుంబాలవాళ్లు. రాయలసీమ పల్లెల నుంచి తరాల కింద వచ్చి ఈ ఊరు ఊడుస్తున్నవాళ్లు. మన తాతలు మిల్లు గేటు దగ్గర నిలబడితే, వాళ్ల తాతలు చీపురు పట్టారు. ఎవరికి ఏ పని దొరికిందన్నది కులాన్ని బట్టే జరిగింది. దాన్ని దాచుకుంటే దాగదు.

ఒకరోజు ఆమె మా పక్కింటి వదినతో అన్న మాట రాస్తున్నాను. “వదినా, సాంబారు పోసినావు, అందులోనే పగిలిన గాజుముక్కలు ఏసినావు. నేను చెయ్యి పెట్టి ఏరల్ల గదా. నా చెయ్యి చెయ్యి కాదా?” వదిన గాజులపేటలో పుట్టి పెరిగిన మనిషి, గాజు తెగితే ఎంత లోతుకు తెగుతుందో బాగా తెలిసిన మనిషి. ఆమె ఏమీ అనలేదు. మరుసటి రోజు నుంచి గాజుముక్కలు, బ్లేడ్లు పాత పేపర్లో చుట్టి, పైన ఎర్ర పెన్నుతో గీత పెట్టి వేరుగా ఇవ్వడం మొదలుపెట్టింది.

కంపోస్టు అనగానే అందరూ మొక్కల గురించి మాట్లాడతారు. మొక్కలు మంచివే. నాకైతే మొదటి కారణం ఆ చెయ్యి. అన్నీ కలిపి పారేస్తే, కలిపినదాన్ని ఎక్కడో ఒకచోట ఒక మనిషి వట్టి చేతులతో విడదీయాలి. తడిది మన ఇంట్లోనే ఆగిపోతే ఆ మనిషికి సగం నరకం తప్పుతుంది.

మన ఊరు చెత్తతో పడిన పాట్లు

చెత్త పేరుతో ఈ పేటలు పెద్ద దెబ్బలే తిన్నాయి. 1898 ఆగస్టులో బెంగళూరులో ప్లేగు వచ్చింది. ఇరుకు సందులు, మురుగు, ఎలుకలు ఉన్న ఈ పాత పేటల్లో మనుషులు వేలమంది పోయారు. ఆ తర్వాతే ఊరు బయట గాలీ వెలుతురూ ఉండేట్టు మల్లేశ్వరం, బసవనగుడి పెరిగాయి. బాగున్నవాళ్లు అటు వెళ్లారు, లేనివాళ్లు ఇక్కడే ఉండిపోయారు.

ఇక మన కళ్ల ముందు జరిగింది. ఊరు ఉత్తరాన మావళ్లిపుర అనే పల్లె దగ్గర నగరం చెత్త పోసేవాళ్లు. నీళ్లు పాడై, జబ్బులొచ్చి జనం తిరగబడితే 2012లో అది మూతపడింది. అప్పుడు వీధుల్లో చెత్త గుట్టలుగా పేరుకున్న రోజులు మీకు గుర్తుండే ఉంటాయి. భారం మొత్తం తూర్పున మండూరు మీద పడింది. మండూరు జనం 2014లో రోడ్డెక్కారు, ఆ ఏడాది చివరికి అక్కడా లారీలు ఆగాయి. అక్కడి పేదరైతులు, కూలివాళ్లు మనలాంటివాళ్లే. మనం బెండకాయ ముచ్చికలను ప్లాస్టిక్ కవర్లో కట్టి పారేస్తే, అది వాళ్ల బావి నీళ్లలోకి దిగింది. గాలి ఆడకుండా గుట్టగా పడిన తడి చెత్త లోపల కుళ్లి మీథేన్ అనే మండే వాయువు పుడుతుంది. చెత్తగుట్టలు వాటంతటవే అంటుకుని రోజుల తరబడి పొగ చిమ్మేది అందుకే.

చెత్తను ఇంటి దగ్గరే వేరు చేయాలని నగరపాలిక 2012 అక్టోబరులో నియమం పెట్టింది. 2015 డిసెంబరులో కర్ణాటక హైకోర్టు రెండు బక్కెట్లు, ఒక సంచి పద్ధతి ఖాయం చేసింది. ఆకుపచ్చ బక్కెట్టులో తడిది, ఎర్రదాంట్లో ప్యాడ్లు, డైపర్లు, కట్టుగుడ్డలు లాంటివి, సంచిలో పొడిది. కాబట్టి వేరు చేయడం ఎవరి దయాధర్మమో కాదు, నియమమే.

మనవాళ్లకు ఇది చేతకాని పనీ కాదు. తెలంగాణలో సూర్యాపేట మునిసిపాలిటీ 2000ల మొదట్లోనే వీధి కుండీలు తీసేసి, ఇంటింటి నుంచి తడీ పొడీ వేరుగా తెచ్చి, తడిదాన్ని వానపాములతో ఎరువు చేయించి దేశమంతా పేరు తెచ్చుకుంది. బెంగళూరు పేరుతో అయితే ఏకంగా ఒక కంపోస్టు పద్ధతే ఉంది. ఇక్కడి టాటా ఇన్‌స్టిట్యూట్‌లో సి.ఎన్. ఆచార్య అనే శాస్త్రవేత్త 1939 ప్రాంతంలో దాన్ని తయారుచేశాడు. గుంతలో చెత్త ఒక పొర, మలం ఒక పొర వేసి, పైన మట్టి కప్పి, తిప్పకుండా ఆరు నుంచి ఎనిమిది నెలలు వదిలేయడం ఆ పద్ధతి. అంతకుముందు ఇండోర్‌లో ఆల్బర్ట్ హోవార్డ్ అనే దొర మన రైతుల దిబ్బలు చూసి నేర్చుకుని, తిరగేస్తూ మాగబెట్టే పద్ధతిని తీర్చిదిద్దాడు. తిప్పితే తొందరగా అవుతుంది, తిప్పకపోతే ఆలస్యంగా అవుతుంది. రెండూ ఎరువే. వఠారంలో మనం చేసేది ఇండోర్ దారికి చిన్న చెల్లెలు.

అసలు లోపల జరిగేదేమిటి

మన పల్లెలో పేడదిబ్బను ఎవరైనా చూసే ఉంటారు. చలికాలం పొద్దున గడ్డపారతో కదిపితే ఆవిరి లేస్తుంది. కంటికి కనపడని సూక్ష్మజీవులు తింటూ, పెరుగుతూ ఉంటే పుట్టే వేడి అది. మనిషెత్తులో సగమైనా ఉండే పెద్ద కుప్పలో 55 నుంచి 65 డిగ్రీల దాకా పోతుంది. మన బక్కెట్టులో అంత వేడి రాదు, గోరువెచ్చగా ఉంటుంది, అంతే. అందుకని భయపడక్కర్లేదు. నిదానంగా అవుతుంది, అవడం మాత్రం ఖాయం.

ఆ జీవులకు కావలసినవి నాలుగు. పచ్చిది, ఎండుది, గాలి, తేమ. పచ్చిది అంటే నత్రజని ఎక్కువున్న కూరగాయల తొక్కలు, కాఫీ పిప్పి, పూలు. ఎండుది అంటే కర్బనం ఎక్కువున్న ఎండుటాకులు, కొబ్బరి పొట్టు, రంపపు పొట్టు, చింపిన పేపరు. శాస్త్రం చెప్పేవాళ్లు ఒక పాలు నత్రజనికి 25 నుంచి 30 పాళ్లు కర్బనం ఉండాలంటారు. మనం తూకం పట్టుకుని కూర్చోలేం. గుర్తు పెట్టుకోవాల్సింది ఒక్కటే. ఒక గిన్నె తొక్కలు వేస్తే ఒక గిన్నె ఎండుది వేయాలి, చేతికి తడిగా అనిపిస్తే ఇంకో అరగిన్నె.

తేమ సంగతి మిల్లువాళ్లకు నేను చెప్పేదేముంది? వీవింగ్ షెడ్డులో గాలి పొడిబారితే పోగు తెగుతుంది, మరీ తడైతే ఇనుము తుప్పు పడుతుంది. మధ్యలో ఒక మట్టం ఉంటుంది, అనుభవమున్న మేస్త్రీకి ఒంటికి తెలిసిపోతుంది. ఇక్కడా అంతే. పిడికెడు తీసి గట్టిగా పిండండి. చెయ్యి తడవాలి, ఒకటి రెండు బొట్లు రావాలి. ధారగా కారితే తడి ఎక్కువ. పొడిగా రాలిపోతే తక్కువ.

గాలి ఆడితే మాగుతుంది. గాలి ఆడకపోతే కుళ్లుతుంది. ఈ నెల శీర్షిక పేరు అదే. కుళ్లితే కంపు, మాగితే మొదటివాన పడిన మట్టి వాసన.

మొదలుపెట్టడం

కావలసినవి: మూత ఉన్న 20 లీటర్ల పాత పెయింటు బక్కెట్లు రెండు. మట్టి కుండలు దొరికితే ఇంకా మంచిది, మట్టి ఊపిరి పీలుస్తుంది. బెంగళూరులో 2006 నుంచి డైలీ డంప్ అనే సంస్థ ఒకదాని మీద ఒకటి పేర్చే మట్టి కుండలను కంపోస్టు కోసమే చేయించి అమ్ముతోంది. కొనగలిగినవాళ్లు కొనుక్కోండి. బక్కెట్టుతోనూ పని జరుగుతుంది.

బక్కెట్టును బాగా కడిగి, కాల్చిన మేకును పట్టకారుతో పట్టుకుని అడుగున పదిహేను, పక్కల ఇంకో ఇరవై చిల్లులు పెట్టండి. పెన్సిలు దూరేంత ఉంటే చాలు. పిల్లల చేత చేయించకండి, ఆ పొగ పీల్చకుండా మిద్దె మీద చేయండి. పక్క చిల్లులకు పాత దోమతెర ముక్క చుట్టి తాడు కట్టండి, ఈగలు రావు. కింద రెండు ఇటుకలు, మధ్యలో ఒక పాత పళ్లెం. ఎండా వానా నేరుగా పడని చోట, మెట్ల కిందో మిద్దె మీద నీళ్ల ట్యాంకు నీడలోనో పెట్టండి.

అడుగున నాలుగు వేళ్ల మందం ఎండుటాకులో కొబ్బరి పీచో పరవండి. దాని మీద రెండు పిడికిళ్ల పాత ఎరువు గానీ, మొక్కల కింది మట్టి గానీ, పేడ నీళ్లు గానీ చల్లండి. అదే తోడు. పాలకు పెరుగు తోడు వేసినట్టే. ఏదీ దొరక్కపోతే పులిసిన మజ్జిగ ఒక గ్లాసు నీళ్లలో కలిపి చిలకరించండి. అంగడిలో అమ్మే పొడులు లేకపోయినా పని ఆగదు.

ఆ తర్వాత రోజువారీ పని. తొక్కలు చిన్న ముక్కలుగా ఉండాలి. ముక్క ఎంత చిన్నదైతే అంత తొందరగా మాగుతుంది. రాత్రి వంటగది సర్దేటప్పుడు ఆ రోజువి వేసి, పైన ఎండుది కప్పి, మూత పెట్టాలి. పైనుంచి చూస్తే తొక్క ఒక్కటి కూడా కనపడకూడదు. రెండు నిమిషాల పని. మూడు నాలుగు రోజులకొకసారి పాత గరిటెతోనో కర్రతోనో అడుగు దాకా కదపాలి.

మూడు నాలుగు వారాల్లో బక్కెట్టు నిండుతుంది. నిండినదాన్ని పక్కన పెట్టి రెండోది మొదలుపెట్టండి. రెండోది నిండేసరికి మొదటిది సగానికి కుంగి ఉంటుంది. దాన్ని పాత గోనెసంచిలోకి మార్చి వదులుగా మూతికట్టి నీడలో పెడితే బక్కెట్టు ఖాళీ అవుతుంది. మొదలుపెట్టిన రోజు నుంచి రెండున్నర, మూడు నెలలకు నల్లగా, పొడిపొడిగా, మట్టి వాసనతో ఎరువు చేతికొస్తుంది. జల్లెడ పట్టి, మాగని ముక్కల్ని కొత్త బక్కెట్టులో తోడుగా వేసుకోండి.

వేయవలసినవి, వేయకూడనివి

కూరగాయలు, పళ్ల తొక్కలు, కాఫీ టీ పిప్పి, నలిపిన గుడ్డు పెంకులు, కరివేపాకు రెబ్బలు, అరటాకులు, పూజ పూలు అన్నీ వేయండి. నిమ్మ, బత్తాయి తొక్కలు కొద్దిగానే. మిగిలిన అన్నం పిండి, పిడికెడు మించకుండా, ఎండుది రెట్టింపు వేసి. మాంసం, చేప ముళ్లు, నూనె, పెరుగు వేయొద్దు. ఈ పేటల్లో పందికొక్కులు ఎంత తెలివైనవో మీకు తెలుసు, వాసన పట్టి మూతే కొరికేస్తాయి. మూత మీద ఒక బరువు రాయి ఎప్పుడూ ఉంచండి. కొబ్బరి చిప్పలు, మామిడి టెంకలు మాగడానికి ఏళ్లు పడతాయి, అవి బయటికే. రంపపు పొట్టు తెస్తే అచ్చం కట్టెదే తేవాలి, ప్లైవుడ్డుదైతే అందులో జిగురుంటుంది.

పూల దండల సంగతి వేరుగా చెప్పాలి. కరగ ఉత్సవానికి మల్లెలు, ఆయుధపూజకు చామంతులు, అరటి పిలకలు, వీధి వీధినా పగిలిన బూడిద గుమ్మడికాయలు. పేటలో పండగ మర్నాడు రోడ్డే ఒక దిబ్బ. దండలో దారం నూలుదైతే దాంతోపాటే వేయొచ్చు, మట్టిలో కలిసిపోతుంది. ప్లాస్టిక్ దారమైతే తీసేయాలి. తేడా తెలుసుకోవడం మన ఇళ్లల్లో ముసలివాళ్లకు ఎడమచేతి పని. ఒక కొస వెలిగించి చూడండి. నూలు పోగు కాగితంలాగా కాలి మెత్తని బూడిదవుతుంది. ప్లాస్టిక్‌ది కరిగి, చివర గట్టి పూసలాగా ముడుచుకుంటుంది. మిల్లులో మెషీన్లు తుడిచిన నూనె గుడ్డలు, రంగు అద్దిన గుడ్డపీలికలు మాత్రం నూలువైనా వద్దు.

చిక్కులు వస్తే

కుళ్లిన కోడిగుడ్డు వాసన వస్తే గాలి ఆడటంలేదు, తడి ఎక్కువైంది. ఎండుది కలిపి అడుగు దాకా తిప్పండి. రెండు రోజుల్లో వాసన పోతుంది. ముక్కు మండే ఘాటు వస్తే పచ్చిది ఎక్కువైంది, మందు అదే. పొడిగా ఉండి నెల గడిచినా ఏమీ జరగకపోతే నీళ్లు చిలకరించండి. మార్చి, ఏప్రిల్‌లో ఇట్లా అవుతుంది. సెప్టెంబరు, అక్టోబరు వానల్లో పైన ఒక రేకు కప్పండి.

పురుగులు కనపడితే కెవ్వుమనకండి. బూడిదరంగులో లావుగా ఉండే పురుగులు నల్ల సైనికఈగ పిల్లలు. అవి కుట్టవు, ఆహారం మీద వాలవు, చెత్తను మనకన్నా ముందు తినేస్తాయి. చూడలేకపోతే ఎండుది ఇంకాస్త వేసి, పైన వేపాకు పొడి చల్లండి. కింద పళ్లెంలో దిగిన రసం పారబోయకండి. ఒక గ్లాసుకు ఇరవై గ్లాసుల నీళ్లు కలిపి మొక్కల మొదట్లో పోయొచ్చు. తినే ఆకుల మీద మాత్రం చల్లొద్దు.

ఇది ఎవరి పని

అసలు గొడవ ఇక్కడుంది. వాసన, పురుగులు, చోటు అన్నీ తీరే చిక్కులే. “ఇప్పటికే పొద్దున అయిదింటికి లేస్తున్నా, ఇంకో పని నా నెత్తినా?” అని మా ఎదురింటి కోడలు నన్నడిగింది. గార్మెంట్ ఫ్యాక్టరీకి పోయే పిల్ల, వచ్చేసరికి రాత్రి ఎనిమిది. ఆ ప్రశ్నకు జవాబు చెప్పకుండా కంపోస్టు గురించి ఉపన్యాసం ఇవ్వడం న్యాయం కాదు.

మా వఠారంలో కుదిరిన ఏర్పాటు చెప్తాను, మీకు పనికొస్తే తీసుకోండి. తొక్కలు వంట చేసినవాళ్లు వేరు పెడతారు, అంతవరకే వాళ్ల పని. బక్కెట్టులో వేసి కప్పేది ఇంటి పిల్లలు. తిప్పడం, సంచికి మార్చడం, జల్లించడం మగవాళ్లది. మిల్లు నుంచి రిటైరైన తాత ఒకాయన మెట్ల గోడ మీద సుద్దతో ఎనిమిది ఇళ్లకు హాజరు పట్టీ గీశాడు. వారానికొక ఇల్లు, షిఫ్టు మారినట్టు మారుతుంది. ఎవరైనా ఎగ్గొడితే తాత ఏమీ అనడు, గీత కింద సున్నా చుడతాడు. ఆ సున్నాకు భయపడే ఇద్దరు పెద్దమనుషులు ఆదివారం పొద్దున లుంగీ ఎగ్గట్టి గోనెసంచి దులుపుతుంటే చూడముచ్చటగా ఉంటుంది.

ఇంటి ఓనరు ఒప్పుకోడేమో అని చాలామంది భయం. ముందుగా అడగండి. ఒక్క బక్కెట్టుతో ఒక్క నెల చేసి చూపిస్తాం, వాసన వస్తే తీసేస్తాం అనండి. మాటకన్నా మూత తీసి చూపించడమే మేలు. ఎనిమిది ఇళ్లూ ఒకేసారి మొదలుపెట్టక్కర్లేదు. ఒకటి సరిగ్గా నడిస్తే పక్కవాళ్లు తొంగి చూస్తారు, ఆ తర్వాత వాళ్లే బక్కెట్టు తెచ్చుకుంటారు.

ఎరువు వచ్చాక

ఒక పాలు ఎరువు, ఒక పాలు మట్టి, ఒక పాలు కొబ్బరి పొట్టు కలిపి డబ్బాల్లో నింపండి. ధనియాలు నలిపి చల్లితే కొత్తిమీర నెలకల్లా కోతకొస్తుంది. పుదీన కాడ గుచ్చితే చాలు. మెంతికూర మూడు వారాలు. కరివేపాకుకు నెలకు రెండు పిడికిళ్లు. పది రూపాయల కట్ట కొనేచోట ఒక రెబ్బ తెంపుకోవచ్చు. కొండంత ఆదా అవుతుందని నేను చెప్పను. అయినా వంట సగంలో పిల్లను అంగడికి పంపకుండా మిద్దె మీదికి పంపడంలో ఒక నిబ్బరం ఉంది.

మొక్కలే లేనివాళ్లు ఏం చేయాలంటే, రోడ్డు పక్కన కాంక్రీటు మధ్య ఇరుక్కున్న వేపచెట్టు మొదట్లో పోయండి, గుడి బిల్వం మొదట్లో పోయండి, ఊరెళ్లేటప్పుడు ఒక సంచి తీసుకెళ్లండి. మా సందు అక్క మొన్న ఒక సంచి అడిగి తీసుకుంది, వాళ్లింటి ముందు బంతి పూలు వేస్తుందట. రోజూ మన కసువు మోసే మనిషి మొదటిసారి మన ఇంటి నుంచి పనికొచ్చేది మోసుకుపోయింది.

మొదలుపెట్టినవాళ్లు మీ బక్కెట్టు సంగతి పత్రికకు రాయండి. వాసన వచ్చినా రాయండి, మందు వెతుకుదాం. వచ్చే నెల ఇదే పేజీలో ఆ ఎరువుతో మిద్దె మీద నూనె క్యానుల్లో టమాటా, పచ్చిమిరప పెంచే సంగతి. ఖాళీ క్యానులు పారేయకుండా దాచిపెట్టుకోండి.